నేను కట్టిన వేషం

ఋతుపర్ణ ఘోష్ గొంతు నాకు బాగా వచ్చేది. మాటని సాగదీసి చివర్లో గాలికి వదిలెయ్యడం, తల ఓ పక్కకి వాల్చడం, ఎంతటివాణ్ణయినా 'తుయి' అని చనువుగా పిలవడం, వేళ్లు విప్పి మళ్లీ ముడవడం, అన్నీ. రైల్వే ఉద్యోగం కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కలకత్తాలో స్థిరపడ్డవాణ్ణి. బెంగాలీ యాస నాకు పట్టుబడిందన్న గర్వం ఒకటి, మైకు ముందు నిలబడితే నలుగురినీ నవ్వించగలనన్న గర్వం ఇంకొకటి. ఉగాదికి, దసరాకి, కార్తీక వనభోజనాలకి మా తెలుగు సంఘంవాళ్లు పనిగట్టుకుని నన్ను పిలిచేవారు. ఎస్వీ రంగారావు, నాగభూషణం, రావుగోపాలరావు అయ్యాక చివర్లో ఋతుపర్ణుడు. ఆయన్ని చివరికి అట్టేపెట్టేవాణ్ణి, ఎందుకంటే ఆయన దగ్గరే హాలు విరగబడి నవ్వేది.

ఆ నవ్వు గురించి చాలా ఏళ్లుగా రాయాలనుకుంటూ దాటవేస్తూ వచ్చాను. ఇందులో నా తెలివితక్కువతనం ఒక్క రోజుది కాదు. అది తప్పని తెలిశాక కూడా దాన్ని రకరకాలుగా కొనసాగించాను. అందుకే వరసగా చెప్పాలి.

ఋతుపర్ణుడంటే మనవాళ్లకి ఐశ్వర్యారాయ్ నటించిన 'చోఖేర్ బాలి' గుర్తొస్తుంది. అంతకు చాలా ముందే 'ఉనిషే ఏప్రిల్'తో జాతీయ ఉత్తమ చిత్రం పురస్కారం తెచ్చుకున్నాడు. సత్యజిత్ రాయ్ తరవాత సినిమా హాళ్లకి దూరమైన బెంగాలీ మధ్యతరగతిని మళ్లీ హాళ్లకి రప్పించిన దర్శకుడని ఇక్కడ అందరూ ఒప్పుకుంటారు. అలాంటి మనిషి నడివయసులో కాటుక పెట్టుకుని, చెవులకి పోగులు, తలకి తలపాగా, మగదీ ఆడదీ అని చెప్పలేని దుస్తులు వేసుకుని ఊళ్లో తిరగడం మొదలుపెట్టాడు. ఆయన సినిమాలకి చప్పట్లు కొట్టిన పెద్దమనుషులే ఇళ్లలో కూర్చుని ఆయన నడకని అభినయించేవారు. ట్రాములోనో బస్సులోనో కాస్త మెత్తగా మాట్లాడే కుర్రాడు కనబడితే చాలు, వాడికి ఋతుపర్ణ అని పేరు పెట్టేవారు. ఒక మనిషి పేరు తిట్టుగా మారిపోవడం నా కళ్ల ముందే జరిగింది. నాకది వింతగా అనిపించలేదు. మన దగ్గర 'తేడాగాడు' అనే మాట లేదూ, అలాంటిదే అనుకున్నాను.

అప్పట్లో స్టార్ జల్సా చానల్లో 'ఘోష్ అండ్ కంపెనీ' అని ఋతుపర్ణుడే నడిపే ముఖాముఖి కార్యక్రమం వచ్చేది. 2009 ప్రాంతంలో ఒకసారి దానికి మీర్ వచ్చాడు. మీర్ అఫ్సర్ అలీ అంటే రేడియోలోనూ టీవీలోనూ బెంగాలంతా ఎరిగిన హాస్యగాడు. ఋతుపర్ణుణ్ణి అనుకరించడంలో చెయ్యి తిరిగినవాడు. ఆ వేళ ఋతుపర్ణుడు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నింపాదిగా అడిగాడు. నువ్వు నన్ను అనుకరిస్తున్నప్పుడు నన్నొక్కణ్ణే అనుకరిస్తున్నావా, ఆడతనం ఉన్న మగవాళ్లందరినీ వేళాకోళం చేస్తున్నావా అనే అర్థం వచ్చేలా అడిగాడు. తన తరఫున కాదు, ఈ ఊళ్లో నోరెత్తలేక అవమానం దిగమింగుకుంటున్న వాళ్లందరి తరఫునా అభ్యంతరం చెబుతున్నానన్నాడు. బెంగాలీ టీవీలో ఒక వెక్కిరింపుని దాని ముఖం మీదే నిలదీయడం నేను అంతకుముందు చూడలేదు. ఆ తరవాత చాలామంది ఆ సంభాషణని పదే పదే చెప్పుకున్నారు.

నేను మాత్రం మీర్ పక్షం వహించాను. 'ఇంత పెద్దవాడు అయ్యుండి హాస్యం తట్టుకోలేకపోతే ఎలా' అని పైకే అన్నాను. ఆ గదిలో మా అక్క కొడుకు ఉన్నాడు. ఇంటర్ అయ్యాక కలకత్తాలో చదువుకోవడానికి వచ్చి మా క్వార్టర్లోనే ఉండేవాడు. నేల మీద కూర్చుని వాళ్ల అత్తయ్యతో కలిసి చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. నేనా మాట అనగానే కాయలు పళ్లెంలో పడేసి వంటింట్లోకి వెళ్లిపోయాడట. నేను చూడలేదు. మా ఆవిడ చూసింది. ఆ సంగతి ఆవిడ నాతో అన్నది చాలా ఏళ్ల తరవాత.

ఆ కార్యక్రమం నాకు నేర్పింది ఒక్కటే, మీర్ చేసినదాన్ని ఇంకా బాగా ఎలా చెయ్యొచ్చో. 2010 ఉగాదికి ఋతుపర్ణుడు తెలుగు సినిమా తీస్తే ఎలా ఉంటుందో ఒక ఐటమ్ కట్టాను. మా ఆవిడ పట్టు ఉత్తరీయం ఒకటి తీసుకున్నాను. స్టేజీ పక్కన అది భుజం మీద నిలవక జారిపోతుంటే మేనల్లుడే వచ్చి సర్ది, పిన్నీసు పెట్టాడు. పిన్నీసు గుచ్చుకోకుండా తన వేలు లోపలివైపు అడ్డం పెట్టి మరీ పెట్టాడు. మైకు ఎత్తు సరిచేశాడు. వెళ్లి ముందు వరసలో, మా ఆవిడ పక్కన కూర్చున్నాడు.

ఆ రోజు నేను బాగా చేశాను. పిల్లలు కుర్చీలెక్కి నవ్వారు. కిందికి దిగాక భుజాలు తట్టినవాళ్లలో మా ఆఫీసు మిత్రుడొకాయన మేనల్లుడి వైపు తిరిగి, 'వచ్చే ఏడు నువ్వు వెయ్యరా, నీకైతే వేషం కూడా అక్కర్లేదు' అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే నవ్వుతూ నేను వాడి ముఖం వైపు చూశాను. వాడూ నవ్వుతున్నాడు. వాడికి కోపం రాలేదని తీర్మానించుకున్నాను.

ఇంకో నెల తిరక్కుండా, కాలేజీకి దగ్గరని చెప్పి జాదవ్‌పూర్ వైపు ఒక మెస్సుకి మారిపోయాడు. మా క్వార్టరు ఉన్న గార్డెన్ రీచ్ నుంచి రెండు బస్సులు మారాలి, నిజమే కదా అనుకున్నాను.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 1999 జులై 2న కలకత్తాలో పదిహేనుమంది పార్క్ సర్కస్ మైదానం దగ్గర కలుసుకుని పసుపుపచ్చ టీషర్టులు వేసుకుని నడిచారు. న్యూయార్క్‌లో పోలీసుల దాడి మీద స్వలింగ ప్రేమికులు తిరగబడ్డ స్టోన్‌వాల్ ఘటన జరిగి ముప్పై ఏళ్లయిన సందర్భం. భారతదేశంలోనే కాదు, దక్షిణాసియాలోనే అలాంటి నడక అదే మొదటిదని తరవాత చరిత్రకెక్కింది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఫ్రెండ్‌షిప్ వాక్. ఊరిని బెదరగొట్టకూడదన్న జాగ్రత్త ఆ పేరులోనే ఉంది. నినాదాలతో ఊరేగలేదు. రెండు జట్లుగా విడిపోయి స్వచ్ఛంద సంస్థలకీ రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కీ వెళ్లి మేం ఉన్నాం, మా ఇబ్బందులు ఇవి అని చెప్పుకున్నారు. పదిహేనుమందిలో పవన్ ధల్ ఒకరు. ఆయనా మిత్రులూ 1993లో పెట్టిన కౌన్సెల్ క్లబ్‌కి చాలాకాలం ఒక పోస్టు బాక్సు నంబరే చిరునామా. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో, తమలాంటివాళ్లు ఇంకెవరూ ఉండరనుకున్నవాళ్లు ఆ నంబరుకి ఉత్తరాలు రాసేవారు.

ఆ నడక సంగతి పేపర్లో వచ్చినప్పుడు ఆఫీసు క్యాంటీన్లో నేనన్న మాట, 'ఇంట్లో తలుపులేసుకుని ఏం చేసుకుంటే మనకెందుకు, రోడ్డెక్కడం దేనికి?' అందరూ తలూపారు. అది చాలా ఉదారమైన మాట అనుకున్నాను. పోలీసులకి పట్టించమనలేదు, ఊళ్లోంచి తరమమనలేదు, ఇంట్లో ఉండమన్నాను, అంతేగా! ఆ మాటని ఆ తరవాత పదేళ్లూ వాడాను.

దాని లోపల ఏముందో నాకు తెలియడానికి ఒక టీవీ కార్యక్రమం పట్టింది. అదీ చూసిన రోజున తెలియలేదు. 2011 ఫిబ్రవరి 22న టీవీ9 ఒక కథనం ప్రసారం చేసింది. హైదరాబాదులో గే సంస్కృతి పెచ్చుమీరిపోయిందని దాని సారాంశం. ఒక వెబ్‌సైటులో పరిచయాలు వెతుక్కునే మగవాళ్లతో విలేకరి తానూ అలాంటివాణ్ణేనని నమ్మించి ఫోన్లో మాట్లాడటం, ఆ మాటల్ని, వాళ్ల ఫొటోల్ని జనం మీదికి వదలడం. అప్పటికి ఢిల్లీ హైకోర్టు తీర్పు వచ్చి ఏడాదిన్నర దాటింది. ఇష్టపడ్డ వయోజనుల మధ్య సంబంధం నేరం కాదని 2009 జులై 2న, కలకత్తా నడక జరిగి సరిగ్గా పదేళ్లయిన రోజున, ఆ కోర్టు చెప్పింది. ఆ కుర్రాళ్లు చట్టం దృష్టిలో ఏ తప్పూ చెయ్యలేదు. అయినా దొంగల్ని పట్టుకున్నట్టు చూపించారు.

ఆ రోజు ఖరగ్‌పూర్ నుంచి చుట్టాలు వచ్చి ఉన్నారు. నేను టీవీ గొంతు పెంచాను. తెలిసిన ముఖాలేమన్నా కనబడతాయా అని ముందుకి వంగి చూశాను. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది, కానీ చూశాను. ఆ ముఖాల తల్లులూ తండ్రులూ అదే గంటలో, అలాగే ఒక టీవీ ముందు కూర్చుని ఉండొచ్చన్న ఆలోచన నాకు రాలేదు. అంతకు ఏడాది ముందు అలీగఢ్‌లో ఏం జరిగిందో చదివినవాణ్ణే. అక్కడ మరాఠీ చెప్పే ప్రొఫెసర్ రామచంద్ర సిరాస్ పడకగదిలోకి కెమెరాలతో చొరబడ్డారు. యూనివర్సిటీ ఆయన్నే సస్పెండ్ చేసింది. అలహాబాద్ హైకోర్టు ఆ సస్పెన్షన్‌ని నిలిపేసింది. మరి కొద్ది రోజులకే, 2010 ఏప్రిల్‌లో ఆయన తన గదిలో చనిపోయి కనిపించాడు. అది చదివి అయ్యో అనుకున్న మనిషినే, హైదరాబాదు కుర్రాళ్ల దగ్గరికి వచ్చేసరికి టీవీ గొంతు పెంచాను.

ఆ కథనం చూసి చాలామంది ఊరుకోలేదు. హక్కుల కార్యకర్తలు, మామూలు మనుషులు ఫిర్యాదులు రాశారు. న్యూస్ చానళ్లు తమకి తాము ఏర్పాటు చేసుకున్న ప్రమాణాల సంస్థకి అప్పుడు జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షుడు. నెల తిరిగేసరికి ఆ సంస్థ తేల్చిచెప్పింది. మనుషుల ఆంతరంగికతని తొక్కేశారని, ఇందులో ప్రజాప్రయోజనం ఏమీ లేదని, చానల్ లక్ష రూపాయల జరిమానా కట్టి క్షమాపణ ప్రసారం చెయ్యాలని ఆదేశించింది. ఉత్తరాలు రాస్తే ఒక చానల్ తల వంచాల్సి వచ్చింది! ఇది మన తెలుగు నేల మీద జరిగిన కథ. మన పాత్రికేయ విద్యార్థులకి మొదటి పాఠంగా చెప్పదగ్గది. నాకు అప్పుడు తెలియనే తెలియదు. కథనం చూశాను గానీ, దాని మీద వచ్చిన తీర్పు గురించి వెతకలేదు.

అదే ఫిబ్రవరిలో ఇక్కడ బెంగాల్లో నందిగ్రామ్ దగ్గర ఇద్దరు అమ్మాయిలు, ఒకరినొకరు ప్రేమించుకున్నవాళ్లు, ప్రాణాలు తీసుకున్నారు. తమని ఒక్కచోటే దహనం చెయ్యమని రాసి పెట్టుకున్నారు. వాళ్ల దేహాలకోసం కుటుంబాలు రాలేదు. ఎవరూ లేనివాళ్ల లెక్కలో వేసి ప్రభుత్వమే దహనం చేసింది. దేబలీనా అనే దర్శకురాలు దాని మీద 2013లో 'ఎబంగ్ బేవారిష్' అనే డాక్యుమెంటరీ తీసింది. కలకత్తాలో స్త్రీలు నడిపే సాఫో ఫర్ ఈక్వాలిటీ అనే సంస్థ దాన్ని నిర్మించింది. మా మేనల్లుడు ఆ సినిమాకి నన్ను రమ్మన్నాడు. నేను వెళ్లలేదు. ఆఫీసు పని ఉందన్నాను.

2013 మే 30న ఋతుపర్ణుడు నిద్రలోనే పోయాడు. నలభై తొమ్మిదేళ్లు. ఆ మధ్యాహ్నం మేనల్లుడికి ఫోను చేస్తే, ఆయన దేహాన్ని ఉంచిన నందన్ సినిమా కేంద్రం దగ్గర వరసలో ఉన్నానన్నాడు. ఎందుకో నేనూ వెళ్లాను. ఆ వరస చూడాలి. దాన్ని చూస్తే ఈ ఊరు ఎప్పుడైనా ఆయన్ని వెక్కిరించిందంటే నమ్మబుద్ధి కాదు. పూలదండలు పట్టుకున్న ఆడవాళ్లు, సినిమా జనం, మంత్రులు, కాలేజీ పిల్లలు. సిరిటీ శ్మశానంలో ప్రభుత్వం తుపాకులు పేల్చి గౌరవ వందనం చేసింది. ఆ వరసలో నిలబడి, మాటల్లో మాటగా, మంచి కళాకారుణ్ణి పోగొట్టుకున్నాం, స్టేజీ మీద ఆయన్ని చేస్తుంటే నాకే సరదాగా ఉండేది అన్నాను.

వాడు నా వైపు చూడకుండా, ముందున్నవాళ్ల వీపులు చూస్తూ, 'ఆయన మీ ఉగాదికి రాలేదు కదా మావయ్యా. నేనొచ్చాను' అన్నాడు.

మిగతాది కూడా అక్కడే చెప్పాడు. నేను అలాంటివాణ్ణే అన్నాడు. పిన్నీసు పెట్టిన సంగతి, ఆఫీసు మిత్రుడి మాట, ఆ మాటకి నా నవ్వు, అన్నీ వరస తప్పకుండా చెప్పాడు. మూడేళ్లు ఒక్క అక్షరం పోగొట్టుకోకుండా మోశాడు. గొంతు పెంచలేదు.

నేనేమన్నానో చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. 'మీ అమ్మకి తెలుసా?' అన్నాను. తరవాత, 'మంచి డాక్టరుకి చూపిద్దాంరా, ఖర్చు నేను పెట్టుకుంటాను' అన్నాను. ఋతుపర్ణుడి దేహం దగ్గరికి నడిచే వరసలో నిలబడి ఆ మాటన్నాను. ప్రేమతోనే అన్నాను, అందులో అనుమానం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసిందని వాడికి తెలుసు, నాకు తెలియదు. నేను చిన్నప్పుడు వారపత్రికల్లో చదివిన డాక్టరు సలహాలే నా పరిజ్ఞానం. వాడు కాసేపాగి, 'ఈ చుట్టుపక్కల తెలుగు వచ్చినవాళ్లు లేరు కాబట్టి సరిపోయింది' అన్నాడు. ఇద్దరం దేహం దాకా వెళ్లి పూలు పెట్టి వచ్చాం.

ఆ డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ తీర్పుని కొట్టేసింది. ఇలాంటి సంబంధాల్ని నేరమనే 377 సెక్షన్ మళ్లీ ప్రాణం పోసుకుంది. దీనివల్ల ఇబ్బంది పడేది జనాభాలో అతి కొద్దిమందేనన్న వాదన ఆ తీర్పులో ఉంది. పేపర్లో అది చదివినప్పుడు మొదటిసారి నాకు లోపల ఏదో అడ్డం పడింది. ఎంత కొద్దిమందైతేనేం, అందులో ఒకడు నా ముందు వరసలో కూర్చున్నాడు.

ఇంత జరిగాక నేను మారిపోయి ఉంటానని మీరనుకోవచ్చు. 2014 ఉగాదికి సంఘంవాళ్లు మళ్లీ అడిగారు. గొంతు బాగాలేదన్నాను. నేనిక చెయ్యను, అది తప్పు అని చెప్పడానికి నోరు రాలేదు. చెబితే ఎందుకని అడుగుతారు, అడిగితే ఏం చెప్పాలి, వాళ్లకి అనుమానం వస్తే? ఇలా ఆలోచించి గొంతు మీద నెట్టాను. నా బదులు ఇంకొక కుర్రాడు ఎక్కాడు. ఋతుపర్ణుడు పోయాడు కాబట్టి ఈసారి నడుము తిప్పే డాన్సు మాస్టరు పాత్ర. హాలు అలాగే నవ్వింది. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. వేషం మానేశాను గానీ ఆ ఆట ఆగలేదు. మాట్లాడి ఉంటే ఆగేదేమో, కనీసం ఒకరిద్దరైనా ఆలోచించేవారేమో.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా 377ని వయోజనుల ఇష్టపూర్వక సంబంధాల మేరకు రద్దు చేశారు. వీళ్లకీ వీళ్ల కుటుంబాలకీ చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలన్నారు జస్టిస్ ఇందు మల్హోత్రా. చట్టం తోడొచ్చాక నాకు ధైర్యం వచ్చింది. అంతకుముందు రాని ధైర్యం గురించి గొప్ప చెప్పుకునేదేమీ లేదు. మరుసటి ఉగాదికి నేనే అడిగి మైకు తీసుకున్నాను. ఇన్నేళ్లు ఈ స్టేజీ మీద నేను చేసిన ఫలానా అనుకరణ తప్పు, దానివల్ల మన మధ్యే కూర్చున్న ఒక కుర్రాడికి ఎంత బాధ కలిగిందో నాకు ఆలస్యంగా తెలిసింది, క్షమించమని అడుగుతున్నాను అన్నాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏమీ అనలేదు. తరవాతి అంశం పిల్లల కూచిపూడి అని కార్యదర్శి ప్రకటించాడు.

ఆ రాత్రి మేనల్లుడికి ఫోను చేసి చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. 'నన్నడిగావా మావయ్యా?' అన్నాడు. పేరు చెప్పలేదురా అన్నాను. 'మీ ఇంట్లో ఉండి చదువుకున్న కుర్రాళ్లు ఎంతమంది ఉన్నారు?' అన్నాడు.

నిజమే. ఆ హాల్లో సగంమందికి వాడు తెలుసు. నా మనసు తేలికపడటం కోసం, వాడు తల్లికి కూడా ఇంకా చెప్పుకోని సంగతిని నేను మైకులో చెప్పేశాను. రెండు వారాల్లో శ్రీకాకుళం చేరింది. మా అక్కకి ఆ మాట కొడుకు నోటి నుంచి వినే వీలు లేకుండా చేశాను. చేసిన తప్పులన్నిటిలో నేను ఎక్కువ పశ్చాత్తాపపడేది ఈ క్షమాపణ గురించే. అక్క కోలుకుంది, కొడుకుతో మాట్లాడుతోంది, అది వాళ్లిద్దరి మంచితనం.

అప్పటికి గానీ నా క్యాంటీన్ మాట నాకు అర్థం కాలేదు. రోడ్డెక్కడం దేనికని వాళ్లని అడిగాను. వాళ్లని స్టేజీ ఎక్కించింది ఎవరు? నేను. సినిమాల్లో, టీవీలో, పెళ్లిపందిట్లో, ఆఫీసు క్యాంటీన్లో వాళ్ల గురించి ఎప్పుడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు, ఎప్పుడూ వాళ్లు తప్ప. వాళ్ల నడక, వాళ్ల గొంతు, వాళ్ల పడకగది అన్నీ మేం నలుగురిలో పరిచేశాం. పదిహేనుమంది తమ కాళ్ల మీద తాము నడిచిన రోజున మాత్రం సభ్యత గుర్తొచ్చింది. వెక్కిరించినా, జాలిపడినా, చివరికి క్షమాపణ చెప్పినా మైకు నా చేతిలోనే ఉంది.

కలకత్తా ఆడవాళ్లు ఈ సంగతి నాకంటే ఎంతో ముందు గ్రహించారు. దీపా మెహతా 'ఫైర్' సినిమా మీద 1998 చివర్లో దాడులు జరిగాయి, ఇలాంటి ఆడవాళ్లు మన దేశంలో లేనే లేరని కొందరు అరిచారు. మరుసటి ఏడాది జూన్‌లో, ఆ పసుపు టీషర్టుల నడకకి కొద్ది రోజుల ముందే, కలకత్తాలో కొందరు స్త్రీలు సాఫో అనే బృందం పెట్టుకున్నారు. మాలోబిక, ఆకాంక్ష వంటివాళ్లు బయటికి వచ్చి మాట్లాడారు. 2003లో అది సాఫో ఫర్ ఈక్వాలిటీ అయింది. వాళ్లు తెచ్చే పత్రిక పేరు 'స్వకంఠే'. కలకత్తా పుస్తకాల పండగలో బల్ల వేసుకుని, వచ్చేపోయేవాళ్ల చూపులు భరిస్తూ దాన్ని అమ్ముతారు. ఆ బల్ల ముందు నుంచి ఎన్ని ఏళ్లు తల తిప్పుకుని వెళ్లానో! ఇప్పుడు ఆగి కొంటాను. బెంగాలీలో ఉన్నవి నెమ్మదిగా చదువుకుంటాను. మన భాషలో అలాంటి పత్రిక ఒకటి బల్ల మీద కనబడితే బాగుండుననిపిస్తుంది.

పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకెళ్లిన కేసు పేరు సుప్రియో వర్సెస్ భారత ప్రభుత్వం. ఆ సుప్రియో చక్రవర్తి కలకత్తా అబ్బాయి, ఉండేది హైదరాబాదులో. తన సహచరుడు అభయ్‌తో కలిసి 2021 డిసెంబరులో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకుని, పేరుతో సహా కోర్టుకెక్కాడు. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులు, పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. ఓడిపోయారు. కానీ ఆ విచారణ రోజుల తరబడి ప్రత్యక్ష ప్రసారమైంది. ఫోన్లో దొంగచాటుగా రికార్డు చేసిన గొంతులు విన్న నేను, ఈసారి కోర్టులో వాళ్ల లాయర్లు తలెత్తుకుని వాదించడం విన్నాను. ఆ రెండు ప్రసారాల మధ్య పన్నెండేళ్లు.

ఈ వ్యాసాన్ని మేనల్లుడు ముందు చదివాడు. రెండు చోట్ల తీసెయ్యమన్నాడు, తీసేశాను. మిగతాది అచ్చువెయ్యొచ్చన్నాడు.

పాఠకులకి ఒక మనవి. మన తెలుగు చానళ్లలో ఇప్పటికీ మగవాడు కాస్త మెత్తగా మాట్లాడితే నవ్వుల చప్పుడు కలుపుతున్నారు, ఎవరో ఇద్దరు అమ్మాయిలు ఇల్లు వదిలి వెళ్లిపోతే ముఖాలు చూపించి చర్చలు పెడుతున్నారు. నేను ఒక కామెడీ కార్యక్రమం మీద ఫిర్యాదు రాశాను, ఆ చానల్ జవాబివ్వలేదు. ఒక్కడు రాస్తే అంతే. 2011లో చాలామంది రాశారు కాబట్టి జవాబు వచ్చింది. వార్తా చానల్ అయితే ప్రసారమైన వారం లోపు ముందు చానల్‌కే రాయాలి. వాళ్లు పట్టించుకోకపోతే, ఆ చానల్‌కి సభ్యత్వం ఉంటే, ఆ ప్రమాణాల సంస్థకి రాయొచ్చు. వినోద కార్యక్రమాలకి వేరే మండలి ఉంది, దాని వివరాలు చానళ్లు తెర కింద అప్పుడప్పుడూ వేస్తుంటాయి. చానల్ పేరు, కార్యక్రమం పేరు, తేదీ, సమయం, ఏ మాట, ఏ దృశ్యం అన్నవి స్పష్టంగా రాయండి. ఆ దృశ్యంలో చిక్కుకున్నవాళ్ల పేర్లు, ఊళ్లు మాత్రం మీ ఉత్తరంలో మళ్లీ రాయకండి.